శామీర్‌పేట చెరువు ఒడ్డున మూడు రోజులు

మన ఇళ్ళలో ప్రయాణం తలపెట్టగానే ఎదురయ్యే మొదటి చిక్కు సొమ్ము కాదు, సెలవు. మద్రసాకు శుక్రవారం సెలవు. బడికి ఆదివారం సెలవు. ఒకే ఇంట్లో హిఫ్జ్ చేస్తున్న కొడుకూ, పదవ తరగతి చదువుతున్న కూతురూ ఉంటే, ఇద్దరూ ఒక పగలంతా తల్లిదండ్రుల ఎదుట కలిసి కూర్చునే రోజు నెలకు ఒకటి దొరకడమే గగనం. దుకాణం నడిపే అన్నదమ్ములకు ఆ ఒక్కటీ ఉండదు. అందుచేత శుక్రవారం నాడు ప్రభుత్వ సెలవు వచ్చి, దాని వెనుకనే రెండవ శనివారం, ఆదివారం వరుసగా నిలిచిన నెల ఏదైనా ఉంటే దానిని నేను క్యాలెండరులో ముందుగానే గుర్తుపెట్టుకుంటాను. మద్రసాలో పిల్లవాడికి రెండు రోజుల సెలవుచీటీ రాసి ఇస్తే మూడు రోజులు చేతికి చిక్కుతాయి. పెళ్ళిళ్ళకు, వలీమాలకు, చావు పలకరింపులకు తప్ప ఇల్లు కదలని కుటుంబాలు మనలో అనేకం. అటువంటి కుటుంబాలను దృష్టిలో ఉంచుకొనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విహారయాత్ర అనగానే ముఖం చిట్లించే పెద్దలు కొందరున్నారు. వారిపట్ల నాకు గౌరవం ఉంది గాని, వారి అభిప్రాయంతో ఏకీభావం లేదు. మహాప్రవక్త (స) ఒక ప్రయాణంలో తమ సహచరులను ముందుకు సాగిపొమ్మని చెప్పి, హజ్రత్ ఆయిషా (ర.అ.)తో పరుగు పందెం వేసుకున్నారని హదీసు గ్రంథాలలో ఉంది. ఇంటివారితో ఉల్లాసంగా గడపడం ధర్మానికి దూరమైన విషయమైతే ఈ సంఘటన మనదాకా వచ్చి ఉండేది కాదు. అభ్యంతరం ఉండవలసినది విహారం మీద కాదు. దుబారా మీద, నమాజుల పట్ల అశ్రద్ధ మీద.

ఇక ఎక్కడికి వెళ్ళాలి? ఊటీకో, అరకుకో వెళ్ళాలంటే మూడు రోజులలో రెండు రోజులు దారిలోనే కరిగిపోతాయి. ఎనభయ్యో ఏట ఉన్న తల్లినీ, చంటిపిల్లలనూ వెంటబెట్టుకొని అంత దూరం పోవడం సాహసమే అవుతుంది. మా అమ్మీజాన్ మోకాళ్ళ నొప్పుల కారణంగా ఆరేళ్ళపాటు ఆస్పత్రికి తప్ప మరెక్కడికీ గడప దాటలేదు. ఆమెను కూడా తీసుకుపోగలిగిన చోటు కావాలని వెతికితే, కళ్ళెదుటనే ఉన్న శామీర్‌పేట కనిపించింది.

సికింద్రాబాదులోని జూబ్లీ బస్ స్టేషన్ నుంచి రాజీవ్ రహదారి మీద ఉత్తరంగా వెళితే తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంట వరుసగా వస్తాయి. హకీంపేట దగ్గర వైమానిక దళ స్థావరం ఉంది; శిక్షణ విమానాలు తల మీదుగా పోతుంటే పిల్లలు కిటికీలలోంచి మెడలు చాచి చూస్తారు. అవన్నీ దాటి, మొత్తం మీద దాదాపు 25 కిలోమీటర్లు ప్రయాణించేసరికి శామీర్‌పేట పెద్దచెరువు వస్తుంది. చార్మినార్ నుంచి లెక్కించినా 40 కిలోమీటర్లు దాటదు. బాహ్య వలయ రహదారి మీదుగా వచ్చేవారు ఏడవ నంబరు కూడలి వద్ద దిగితే సరిపోతుంది.

ఇది ప్రకృతి సిద్ధమైన సరస్సు కాదు. కట్ట పోసి వాననీటిని నిలిపిన చెరువు. మన దక్కను పీఠభూమిలో పెద్ద నదులకు దూరంగా ఉన్న ఊళ్ళు తరతరాలుగా బ్రతికింది ఇటువంటి చెరువుల మీదనే. కాకతీయులు చెరువులు తవ్వించారు. పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగర్ వెలిసింది. ఆసఫ్‌జాహీల చివరి కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మితమయ్యాయి. కట్ట, తూము, మత్తడి, శిఖం అనే నాలుగు మాటలు పిల్లలకు ఇక్కడే నేర్పవచ్చు. నీటిని ఆపేది కట్ట. పొలాలకు వదిలేది తూము. చెరువు నిండిన తరువాత అదనపు నీరు పొర్లిపోయేది మత్తడి. నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు గర్భంలోని భూమి శిఖం. పట్టణంలో పుట్టిన మన పిల్లలకు నీరంటే నల్లా, ట్యాంకరు అన్నంతవరకే తెలుసు. నల్లాకు వెనుక కూడా ఒక చెరువో, ఒక నదో ఉంటుందన్న సంగతి వారికి ఎవరైనా చూపించాలి కదా!

ఈ ప్రాంతపు ఊళ్ళ పేర్లు వింటుంటే నాకు మరొక ముచ్చట కలుగుతుంది. అలియాబాద్, హకీంపేట, లాల్‌గడి మలక్‌పేట, తుర్కపల్లి. పార్సీ పేరుకు తెలుగు పేట, తెలుగు పల్లె వచ్చి అతుక్కున్నాయి. శామీర్‌పేట అనే పేరు కూడా నోటికొక తీరుగా పలుకుతుంది. మా ఇంట్లో పెద్దలు షామీర్‌పేట్ అనే అంటారు. ఈ ఊళ్ళన్నీ పూర్వం రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. శామీర్‌పేట సమీపంలోని అంతాయిపల్లిలో కలెక్టరేటు వెలిసింది.

ప్రయాణ సన్నాహాలలో మొదటిది నాయకుణ్ణి నిర్ణయించుకోవడం. ముగ్గురు కలిసి ప్రయాణం చేసేటప్పుడు ఒకరిని అమీర్‌గా నియమించుకోవాలన్న ప్రవక్త బోధన ఎంత ఆచరణయోగ్యమైనదో, పదకొండు మందితో బస్సెక్కిన వారికే తెలుస్తుంది. ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు ముందు తినాలి అనే విషయాలపై పదకొండు అభిప్రాయాలుంటాయి. మేము అమీర్ బాధ్యతను మా తమ్ముడికి అప్పగించాము. డబ్బుల సంచి మాత్రం మా ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ఆ తరువాత అసలు అమీర్ ఎవరన్నది వేరే సంగతి.

సొంత వాహనం లేని కుటుంబాలు వెనుకాడనవసరం లేదు. పాతబస్తీవారు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కితే నేరుగా జూబ్లీ బస్ స్టేషన్‌కు చేరుకోవచ్చు. 11 కిలోమీటర్ల ఈ మార్గం 2020 ఫిబ్రవరి నుంచి నడుస్తున్నది. అక్కడ శామీర్‌పేట మీదుగా పోయే బస్సులు దొరుకుతాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు సిటీ బస్సులలోను, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను ప్రయాణం ఉచితం. కాబట్టి మన ఇంట్లో ఆడవారికి బస్సు ఖర్చు ఉండదు. ఆధార్ కార్డు వెంట ఉంచుకోవడం మరవకూడదు. వృద్ధులు ఉన్నప్పుడు మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉంటుంది కాబట్టి మెట్రో మేలు. బస్సు మెట్లు మాత్రం ఎత్తు. అమ్మీజాన్ కోసం మేము ఒక చిన్న ప్లాస్టిక్ పీటను వెంట తీసుకుపోయాము. పదే పదే పనికివచ్చిన వస్తువు అదొక్కటే.

బసకు సంబంధించి మూడు మార్గాలున్నాయి. పర్యాటకాభివృద్ధి సంస్థవారి హరిత రిసార్టు ఒకటి. రహదారి వెంబడి ఉన్న పెద్ద ప్రైవేటు రిసార్టులు రెండవది. రోజువారీ అద్దెకు ఇచ్చే ఫామ్‌హౌసులు మూడవది. ఏది ఎంచుకున్నా గదులు ఖాళీగా ఉన్నాయో లేదో ముందుగా ఫోను చేసి తెలుసుకోవాలి. వరుస సెలవులలో నగరం సగం ఇటువైపే కదులుతుంది. పర్దా పాటించే కుటుంబాలకు నా దృష్టిలో ఫామ్‌హౌసే అనువైనది. రెండు మూడు కుటుంబాలు కలిసి తీసుకుంటే ఖర్చు కూడా పంచుకోవచ్చు. అయితే సొమ్ము చెల్లించే ముందు కొన్ని ప్రశ్నలు అడిగి తీరాలి. ప్రహరీ గోడ ఎంత ఎత్తు? ఆవరణలో కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి? పక్కన మరొక బృందానికి స్థలం ఇస్తారా? రాత్రిపూట సంగీతపు హోరు, మద్యపానం ఉంటాయా? వంటకు గ్యాసు, గిన్నెలు ఇస్తారా? అన్నింటికన్నా ముఖ్యంగా, ఆవరణలో బావి గాని, ఈత కొలను గాని ఉంటే దానికి కంచె, తాళం ఉన్నాయా? మాకు పరిచయస్తులు చూపించిన ఒక తోట ఇల్లు అన్ని విధాలా నచ్చింది గాని, పెరటిలో మూత లేని బావి ఉంది. అమ్మీజాన్ ఫోటో చూసి ఒక్క మాటలో కాదన్నారు. ఆమె నిర్ణయం సరైనదే.

నమాజు గురించి ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. విహారానికి వెళ్ళిన చాలామంది నాలుగు రకాతుల నమాజును రెండుగా కుదించుకుంటూ ఉండడం నేను గమనించాను. ఖస్ర్ చేయడానికి ఊరు దాటితే చాలదు. నిర్ణీత దూరం ఉండాలి. హనఫీ విద్వాంసులు సాధారణంగా 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల దూరాన్ని ప్రమాణంగా చెబుతారు. అది కూడా మన ఇంటి గడప నుంచి కాదు, నగరపు నివాసాలు ముగిసే చోటు నుంచి లెక్కించాలి. శామీర్‌పేటగాని, మేడ్చల్‌గాని ఆ దూరంలో మూడవ వంతైనా లేవు. కనుక ఇక్కడ నమాజులు పూర్తిగానే చేయాలి. తివాచీ ఒకటి, ఖిబ్లా దిక్కు ముందే చూసి పెట్టుకోవడం, వుజూకు నీటి క్యాను. ఈ మూడూ ఉంటే చెట్టు నీడలో జమాత్ నిలపవచ్చు. మొదటి రోజు జుమా మన మొహల్లాలోనే ముగించుకొని బయలుదేరితే, అసర్ వేళకు బసకు చేరవచ్చు.

మేము చేరినది నవంబరు నెలలో. వానలు వెనుకబట్టి, చెరువు నిండుగా ఉండి, ఎండ మెత్తబడిన కాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇక్కడికి రావడానికి తగిన సమయం. మే నెలలో వస్తే నీరు వెనక్కి తగ్గి, ఎండలో నెర్రెలు విచ్చిన శిఖం భూమి కనిపిస్తుంది. బస్సు చెరువు సమీపానికి రాగానే అమ్మీజాన్ నఖాబు కాస్త పైకెత్తి చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తాను చిన్నతనంలో మెదక్ దగ్గర తన నాన్నగారితో చెరువు కట్ట మీద నడిచిన సంగతి చెప్పారు. యాభై ఏళ్ళకు పైగా ఆమె కుమారుడిగా ఉన్న నేను ఆ సంగతి మొదటిసారి విన్నాను.

సాయంత్రం కట్ట మీద నడుస్తుండగా, వల సర్దుకుంటున్న ఒక మత్స్యకారుడు మా పిల్లలు నీటి అంచుకు పోవడం చూసి కేక వేశాడు.

“ఆడ దిగకుండ్రి సాబ్! పైకి సక్కగ కనవడ్తది గని లోపల మట్టి తీసిన గుంతలున్నయ్.”

పిల్లలను వెనక్కి పిలిచి అతని దగ్గర కూర్చున్నాను. “నీకు ఈత వచ్చు గదా తమ్ముడూ, నీకు కూడా భయమేనా?” అని అడిగాను.

“ఈత వచ్చినోడే మునుగుతడు సాబ్. రానోడు నీళ్ళల్లకే పోడు గద” అన్నాడు అతను, వల మీదనుంచి చూపు తిప్పకుండానే.

ఈ విషయాన్ని దాటవేసి ముందుకు పోలేను. చెరువు అడుగు ఇంట్లోని నీటి తొట్టి అడుగు వలె సమతలంగా ఉండదు. కట్ట వైపు లోతు ఎక్కువ. ఎగువ వైపు పలచన. నీరు తగ్గినప్పుడు రైతులు పొలాలకు పూడిక మట్టి తోలుకుపోతారు, ఇటుకలకు, నిర్మాణాలకు మట్టి తవ్వుతారు. మిషన్ కాకతీయ పథకం కింద కూడా 2015 నుంచి అనేక చెరువులలో పూడిక తీశారు. అది చెరువుకు మేలే. అయితే నీరు తిరిగి నిండినప్పుడు ఆ గుంతలన్నీ కనిపించకుండా పోతాయి. మోకాలి లోతులో నడుస్తున్నవాడు మరుసటి అడుగులో తల మునిగే లోతుకు జారిపోతాడు. అడుగున ఉన్న ఒండ్రుమట్టి కాలిని పట్టుకొని లాగుతుంది. తూము దగ్గర నీటి లాగుడు పైకి కనిపించదు. మత్తడి రాళ్ళు నాచు పట్టి ఉంటాయి. ఒకడు మునుగుతుంటే చెయ్యి అందించబోయిన రెండవవాడు, రెండవవాడి కోసం దిగిన మూడవవాడు కూడా మునిగిపోవడం సాధారణంగా జరిగే ఘోరం.

2025 జనవరిలో ఇదే రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదు నుంచి బయలుదేరిన యువకులు కొందరు సిద్దిపేట జిల్లాలోని కొండపోచమ్మ సాగర్‌కు వెళ్ళారు. వారిలో ఐదుగురు తిరిగి రాలేదు. కాళేశ్వరం ఎత్తిపోతలలో భాగంగా 2020 మే నెలలో ప్రారంభమైన ఆ జలాశయం సామర్థ్యం 15 టీఎంసీలు. చూడడానికి చెరువు వలెనే ఉంటుంది గాని, దాని లోతు వేరు, రాతి కట్ట వాలు వేరు.

నాకు ఈ వార్తలు పత్రికలకే పరిమితమైనవి కావు. కొన్నేళ్ళ క్రితం, షవ్వాల్‌లో మద్రసా తిరిగి తెరిచిన మొదటి శుక్రవారం నాడు నా దగ్గర హిఫ్జ్ పూర్తిచేసిన ఒక విద్యార్థి నలుగురు మిత్రులతో కలిసి నగరం వెలుపల ఒక పాత క్వారీ గుంటకు వెళ్ళాడు. వాననీరు నిండి నీలంగా మెరిసే గుంట అది. పదిహేడేళ్ళవాడు. అంతకు ముందు రంజాన్‌లోనే తన మొహల్లా మసీదులో తరావీహ్ చదివించాడు. మరునాడు అతని జనాజా నమాజు నేను చదివించాను. అతని తండ్రి కుమారుడి చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఒడ్డున విడిచినవి కాబట్టి అవి తడవలేదు. నీటిలో మునిగి చనిపోయినవారికి షహీద్ స్థానం లభిస్తుందన్న హదీసును ఆ రోజు వచ్చినవారందరూ ఆయనకు చెప్పారు. అది సత్యమైన మాటే, కాని అది వియోగం అనుభవిస్తున్నవారికి అల్లాహ్ ఇచ్చిన ఊరట. ఒడ్డున నిలబడ్డ పిల్లవాడి భుజం మీద నుంచి చెయ్యి తీసివేయడానికి అది అనుమతి కాదు. ప్రాణాన్ని స్వహస్తాలతో నాశనంలోకి నెట్టుకోరాదని ఖుర్ఆన్ బఖరా సూరాలో హెచ్చరించింది.

కనుక మా ప్రయాణంలో కొన్ని నియమాలు ముందే పెట్టుకున్నాము. ఎవరూ నీటిలో దిగరాదు, చీలమండ వరకు కూడా. నీటి దగ్గర ఉన్నంతసేపు ప్రతి చిన్నపిల్లవాడికీ ఒక పెద్దవారు పేరు పెట్టి బాధ్యులుగా ఉండాలి. “అందరూ చూస్తున్నారు” అంటే ఎవరూ చూడడం లేదని అర్థం. కట్ట అంచున నిలబడి ఫోటోలు దిగరాదు. ఎవరైనా జారితే వెంట దూకకుండా, దుపట్టాగాని, తాడుగాని, కర్రగాని అందించాలి; గట్టిగా కేకలు వేసి జాలరులను పిలవాలి; 112కు ఫోను చేయాలి. మగ్రిబ్ వేళకు అందరూ బసకు తిరిగిరావాలి. చీకటి పడేటప్పుడు పిల్లలను ఇంట్లో ఉంచుకోమని ప్రవక్త (స) చెప్పిన మాటలోని హితం చెరువు కట్ట మీద మరింత బాగా తెలుస్తుంది.

రెండవ రోజు ఫజ్ర్ తరువాత వెంటనే కట్ట మీదికి రావాలి. ఎండ ఎక్కక ముందు ఒక గంటసేపు ఈ చెరువు పక్షులదే. నల్లని నీటికాకులు మోడుల మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటాయి. తెల్లకొంగలు కదలకుండా నిలబడతాయి. లకుముకి పిట్ట గాలిలో ఒకచోట ఆగి రెక్కలు కొట్టుకొని, రాయిలాగా నీటిలోకి పడి, చేపతో లేస్తుంది. చలికాలంలో ఉత్తరాది నుంచి వలస వచ్చే బాతులు దూరాన గుంపులుగా తేలుతుంటాయి. రెక్కలు విప్పుతూ ముడుస్తూ ఎగిరే పక్షులను గమనించమని ముల్క్ సూరాలో అల్లాహ్ చెప్పిన చోటును మా అబ్బాయి రోజూ పారాయణం చేస్తాడు. ఆ ఉదయం అతణ్ణి ఆ ఆయత్ చదవమని నేను అడగలేదు. తనంతట తానే మెల్లగా చదువుకుంటూ కూర్చున్నాడు.

చెరువుకు సమీపంలోనే జవహర్ జింకల పార్కు ఉంది. చుక్కల దుప్పులు, నెమళ్ళు చిన్నపిల్లలకు చాలు. గంటన్నర కన్నా ఎక్కువ సమయం అక్కడ కేటాయించనవసరం లేదు.

మధ్యాహ్నం ఖైలూలా తరువాత, ఆడపిల్లలను వెంటబెట్టుకొని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ద్వారం వరకు నడిచి వచ్చాను. 1998లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం దేశంలోని మేటి న్యాయవిద్యా సంస్థలలో ఒకటి. లోపల చూడడానికి మాకు ప్రత్యేకించి పని లేదు. కాని పదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి “ఇక్కడ చేరాలంటే ఏ పరీక్ష రాయాలి అబ్బా?” అని అడిగింది. పన్నెండవ తరగతి తరువాత క్లాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుందని చెప్పాను. తిరుగుదారిలో ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. రహదారి మీద మరికొంత ముందుకు పోతే తుర్కపల్లి దగ్గర జినోమ్ వ్యాలీ వస్తుంది. కోవిడ్ కాలంలో మనలో ఎంతోమంది వేయించుకున్న కోవాగ్జిన్ టీకా అక్కడి భారత్ బయోటెక్‌లో తయారైనదే. పిల్లలకు ఆ మాట చెప్పడానికి బస్సు కిటికీ చాలు.

ఒకప్పుడు ఈ దారికి ఇరువైపులా ద్రాక్ష తోటలుండేవి. నా విద్యార్థి దశలో మా ఉస్తాద్ ఒకరు మమ్మల్ని ఇటువైపు తీసుకువచ్చి, పందిరి కింద కూర్చోబెట్టి, అనాబెషాహీ గుత్తులు కొని పెట్టారు. ఇప్పుడు ఆ పందిళ్ళ స్థానంలో ప్లాట్ల హద్దురాళ్ళు కనిపిస్తాయి. పారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎత్తైన వంతెన రహదారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి శామీర్‌పేటకు, పారడైజ్ నుంచి మేడ్చల్‌కు మెట్రో వేస్తామని 2025 జనవరి 1న ప్రభుత్వం ప్రకటించింది. ప్రయాణం సుఖమవుతుంది, సందేహం లేదు. శిఖం భూమి మీద కన్ను వేసేవారి సంఖ్య కూడా అదే వేగంతో పెరుగుతుంది. మా ఉస్తాద్ నాకు తోట చూపించినట్టు, నేను నా పిల్లలకు చెరువు చూపించాను. వారు తమ పిల్లలకు ఏమి చూపిస్తారన్నది ఈ పదేళ్ళలో తేలుతుంది.

భోజనం విషయం మన కుటుంబాలలో మొదటి ప్రశ్నగా వస్తుంది గాని, ఇక్కడ అది తేలికైనదే. మొదటి రోజుకు కీమా, పరాఠాలు ఇంటి నుంచే తీసుకుపోవాలి. మాంసం వండదలచుకుంటే మనం నమ్మిన కసాయి దగ్గరే కొని ఐసు పెట్టెలో పెట్టుకోవాలి. ఇక చెరువు ఊరికి వచ్చి చేప తినకపోతే ఎలా? చేపకు జబహ్ అవసరం లేదు కాబట్టి ఆ సందేహమే ఉండదు. బొచ్చె, రవ్వ, అదృష్టం బాగుంటే కొర్రమీను తాజాగా దొరుకుతాయి. వేయించి అమ్మేవారి దగ్గర కొనడం కన్నా పచ్చిచేప కొని సొంత నూనెలో వేయించుకోవడం మేలు. ఆ మూకుడులో మరేమి వేగిందో మనకు తెలియదు. మా ఆవిడ, తమ్ముడి భార్య కలిసి రవ్వ చేపను చింతపండు పులుసులో వండారు. అమ్మీజాన్ ముల్లు తీసి మనవల నోట్లో పెడుతూ తాను తినడం మరచిపోయారు.

సాయంత్రానికి కట్ట మీద పరిస్థితి వేరు. వరుస సెలవులు కావడంతో జనం కిక్కిరిశారు. పేపరు ప్లేట్లు, నీటి సీసాలు, బిర్యానీ పొట్లాలు, అంతకన్నా చెప్పరాని మురికి. అవన్నీ ఇతరులు వేసినవేనని చెప్పుకొని తృప్తిపడడానికి వీలులేదు. వాటిలో మన పేటల హోటళ్ళ పేర్లు ముద్రించిన సంచులు కూడా ఉన్నాయి. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయరాదని, నీటి రేవులను, దారులను, ప్రజలు కూర్చునే నీడలను మలినపరచడం శాపానికి కారణమవుతుందని ప్రవక్త (స) చెప్పారు. ఈ హదీసులను మేము మద్రసాలో తహారత్ అధ్యాయంలో చెబుతాము. విద్యార్థులు పరీక్షలో రాస్తారు. ఆ సాయంత్రం మా పిల్లలు రెండు బస్తాలు నింపారు. మొదట మా పెద్దబ్బాయికి సిగ్గు అనిపించింది. తరువాత పక్కన కూర్చున్న వేరే కుటుంబంలోని ఇద్దరు పిల్లలు వచ్చి కలిశారు. ప్రయాణపు సంచిలో నాలుగు ఖాళీ బస్తాలు, రెండు జతల చేతి తొడుగులు ఉంచుకోవాలని అప్పటి నుంచి మా ఇంట్లో నియమం.

మూడవ రోజును తిరుగు ప్రయాణం మింగేయకుండా చూసుకోవాలి. వచ్చిన దారినే పోకుండా, ఆటో మాట్లాడుకొని మేడ్చల్ వైపు వెళ్ళాలి. అడవిని చూడాలనుకున్నవారు మేడ్చల్ దారిలో కండ్లకోయ వద్ద అటవీశాఖ వారి ఆక్సిజన్ పార్కులో ఉదయం ఒక గంట నడవవచ్చు. మాకు మాత్రం రైలు ముఖ్యం. మా పిల్లలలో నలుగురు అంతవరకు రైలు ఎక్కలేదు. మేడ్చల్ మీదుగా పోయే ఈ మార్గం నిజాం కాలం నాటిది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో హైదరాబాద్–గోదావరి లోయ రైల్వేగా మన్మాడ్ వరకు వేసినది. నిజామాబాదు, నాందేడ్, ఔరంగాబాదు వెళ్ళేవారు ఈ పట్టాల మీదుగానే పోతారు. 2023 ఏప్రిల్ నుంచి మేడ్చల్, సికింద్రాబాదుల మధ్య ఎంఎంటీఎస్ రైళ్ళు కూడా నడుస్తున్నాయి. వీటి సంఖ్య తక్కువ. సమయాలను ముందురోజే చూసుకోవాలి. రైలు తప్పితే 44వ జాతీయ రహదారి మీద కొంపల్లి, సుచిత్ర మీదుగా సికింద్రాబాదు వెళ్ళే బస్సులున్నాయి.

మేము మేడ్చల్‌లో ఎక్కి బొల్లారంలో దిగాము. అక్కడి నుంచి ఆటోలో రాష్ట్రపతి నిలయం చేరుకోవచ్చు. 1860లో కట్టిన ఈ ఒంటి అంతస్తు భవనం పూర్వం బ్రిటిష్ రెసిడెంటు విడిది. ఇప్పుడు రాష్ట్రపతి దక్షిణాది విడిది. 90 ఎకరాల ఆవరణ. 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా సందర్శకులను అనుమతిస్తున్నారు. సోమవారాలలోను, ప్రభుత్వ సెలవు దినాలలోను సాధారణంగా మూసి ఉంటుంది. అందుకే దీనిని శుక్రవారం కాక ఆదివారానికి పెట్టుకున్నాము. రాష్ట్రపతి విడిది చేసే డిసెంబరు రోజులలో కూడా ప్రవేశం ఉండదు. టికెట్లు రాష్ట్రపతి భవన్ వెబ్‌సైటులో ముందే తీసుకోవచ్చు. వంటగది నుంచి భోజనశాలకు భూమి లోపల వేసిన సొరంగం, దాని గోడలపై చేర్యాల బొమ్మలు, పునరుద్ధరించిన మెట్లబావి పిల్లలకు బాగా నచ్చుతాయి. వృద్ధులకు నడక ఎక్కువే. అమ్మీజాన్ మామిడి తోట నీడలో బల్ల మీద కూర్చుండిపోయారు. మా చెల్లెలు ఆమెకు తోడుగా ఉంది. జుహర్ నమాజు ముగించుకొనే లోపలికి వెళ్ళడం మంచిది, నడక మధ్యలో తొందర ఉండదు. సాయంత్రం 5 గంటలకు మూసివేస్తారు. బయట ప్రధాన రహదారి మీద సికింద్రాబాదు బస్సులు వెంటవెంటనే దొరుకుతాయి. రద్దీగా ఉన్న బస్సును వదిలి రెండవ బస్సు కోసం ఆగితే పెద్దవారికి కూర్చునే చోటు దొరుకుతుంది.